నల్లమల నడుమ నిలిచిన నీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున భూగోళమునకు సంబంధించిన విషయమేదైన నొకటి ముచ్చటింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గ్రామలెక్కలు వ్రాసికొనువాడను. కళాశాల గడప త్రొక్కినవాడను గాను. సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లమీద ఒకప్రక్క నిఘంటువును, ఒకప్రక్క భారతమును పెట్టుకొని నేర్చిన నాలుగు ముక్కలే నా విద్య. కావున నా ప్రసంగమున కవిత్వముకంటె అంకెలు హెచ్చుగా వినబడినచో, అది నా వృత్తిధర్మమని సహింపగోరెదను.

మన పిల్లలలో నొకడు ఇటీవల అట్లాసు తెఱచి, ఐరోపా ఖండపు వాయవ్యమూలను నార్వే దేశపు తీరము చీలికలు పేలికలుగా నుండుట చూచి, "సముద్రము దేశమును చింపినదా?" యని యడిగినాడు. ప్రశ్న చక్కనిది. దానికి సమాధానము చెప్పుచు, అట్టి దృశ్యము మన తెలుగునేల నెచ్చట గలదో, దానికిని మన మెట్టసీమకును గల సంబంధమేమో మనవి చేసెదను.

ఆ చీలికలను ఫియోర్డులందురు. ఒకానొక కాలమున ఆ దేశమంతయు మంచుచే కప్పబడి యుండెను. వేల యడుగుల మందముగల హిమానీనదములు లోయల నొరసికొనుచు జరిగి, సముద్రమట్టమునకు మిక్కిలి దిగువవఱకు నేలను త్రవ్వినవి. సుమారు పదివేల యేండ్లకు పూర్వము మంచు కరగి వెనుకకు తగ్గగా, ఆ ఖాళీలోయలలోనికి సముద్రము ప్రవేశించినది. నార్వేలోని ఫియోర్డులలో మిక్కిలి పొడవైనది సోగ్నె ఫియోర్డు. ఇది దేశములోనికి సుమారు 205 కిలోమీటర్లు చొచ్చుకొనిపోయినది. దాని లోతు 1,300 మీటర్లకు పైబడినది. మన హార్స్‌లీకొండ సముద్రమట్టమునకెంత యెత్తున నున్నదో, ఆ నీటి యడుగుభాగము సముద్రమట్టమునకు రమారమి అంత లోతున నున్నదన్నమాట. దాని శాఖలలో నెరోయ్ ఫియోర్డు అనునది యొకచోట 250 మీటర్ల వెడల్పునకు ఇఱుకగును. ఇరువైపుల నిలువుకొండలు, నడుమ నల్లని నీరు. 2005వ సంవత్సరమున దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి.

ఇంకొక విశేషము. ఫియోర్డు సముద్రమును కలియుచోట లోతు తగ్గి, నీటిలోపల గడపవంటి దిన్నె యొకటి యుండును. గడప దాటి లోనికి పోయినపిమ్మట నీరు మఱల లోతగును. ఈ గడపను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మఱల పని కలదు.

హిమానీనదములు త్రవ్విన ఫియోర్డులు మన తెలుగునేల లేవు. ఐనను ఇరుప్రక్కల గోడలవంటి కొండలు, వాని నడుమ లోతైన జలము, ఆ జలముమీద పడవలోనే తప్ప పోవుటకు సుళువైన దారి లేకుండుట అను లక్షణములు గల తావులు మనకును కలవు. పాపికొండల నడుమ గోదావరి యట్టిది. గండికోటకడ పెన్న కోసిన గండియు నిట్టిదే. కాని పొడవును, నిలిచిన నీటి విస్తారమును లెక్కించినచో, ఫియోర్డునకు మిక్కిలి దగ్గఱి బంధువు నల్లమలలోని కృష్ణయని నా యభిప్రాయము.

కృష్ణానది పడమటి కనుమలలో మహాబలేశ్వరముకడ బుట్టి, మహారాష్ట్ర కర్ణాటకములను దాటి మన నేలకు వచ్చి, అలంపురమునకు దిగువను తుంగభద్రను కలుపుకొనును. ఆ కూడలి ప్రాంతమున నేల విశాలము, నది వెడల్పు. కొంతదూరము పోవునప్పటికి నల్లమల అడ్డుపడును. నల్లమల తూర్పుకనుమలలోని భాగము. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలకు మన పొరుగుననున్న కడప పేరే పెట్టినారు. వీని వయస్సు నూఱుకోట్ల యేండ్లకు మించినది. గట్టి పలుగుఱాతి పొర యొకటి, మెత్తని పలకఱాతి పొర యొకటి, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. నార్వేలో మంచు చేసిన పనిని ఇచ్చట నీరును ఇసుకయు చేసినవి. కొండ దారి యీయలేదు, నది విడువలేదు. తుదకు వంకరలు తిరుగుచు, రాతిని కోసికొనుచు, లోతైన దరి యొకటి యేర్పడినది. శ్రీశైలక్షేత్రము ఆ దరి యంచున సుమారు 1,500 అడుగుల యెత్తున నున్నది. అచ్చటినుండి యాత్రికులు మెట్లు దిగి చేరు నదికి పాతాళగంగ యను పేరు పెద్దలు ఊరక పెట్టలేదు.

ఈ దరికి గడప పెట్టినవాడు మానవుడు. 1960 ప్రాంతమున పని మొదలై, 1980 దశకపు తొలిసంవత్సరములకు శ్రీశైలము ఆనకట్ట నిలిచినది. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల యెత్తు, పండ్రెండు గేట్లు. జలాశయము నిండినప్పుడు నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. దిగువనున్న నాగార్జునసాగరము నిండుమట్టము 590 అడుగులు. ఆ నీటి తోక వెనుకకు వచ్చి శ్రీశైలము ఆనకట్ట పాదమును తాకుచున్నది. అనగా ఒకే నదిలో, ఒకే కొండసందులో, 295 అడుగుల తేడాతో మెట్టువెంట మెట్టుగా రెండు జలములు నిలిచియున్నవి. పారు నది నిలిచిన నీరైనది. కొండలనడుమ అంతకుముందు నేలగానున్న ప్రతి లోయలోనికిని, ప్రతి వాగులోనికిని నీరు వ్రేళ్లు చాచినట్లు ప్రవేశించినది. పటముమీద దాని యాకారము చూచినచో నార్వేతీరపు చీలిక యొకటి తెచ్చి నల్లమలలో నతికించినట్లు తోచును.

ఇక దృశ్యమును గూర్చి రెండుమాటలు. మన ప్రబంధకవులు అష్టాదశవర్ణనలలో పర్వతమును వేఱుగను, సముద్రమును వేఱుగను వర్ణించిరి. ఇచ్చట రెండును ఒకచోట నున్నవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణ మంతయు శ్రీశైలమునకే వినియోగించెను. ఆయన కాలమున ఈ నీరు లేదు, కొండ మాత్రముండెను. నేడు ఆ ప్రకరణము చదివి, పిమ్మట పాతాళగంగలో పడవ యెక్కువాడు రెండుకాలముల నొక్కసారి చూచును.

శ్రావణ భాద్రపదములలో నీరు ఎఱ్ఱగా, చిక్కగా వచ్చును. కొండలు పచ్చబడి, టేకు, మద్ది, ఏగిస, తునికి, వెదురు నీటియంచువఱకు దిగివచ్చినట్లుండును. సంక్రాంతినాటికి మట్టి క్రిందికి దిగి నీరు తేటపడి, ఆకాశపు రంగు పట్టును. అప్పుడు పడవలో అక్కమహాదేవి గుహలవైపు పోవునపుడు ఇరువైపుల రాతిపొరలు పుస్తకపు పుటలవలె వరుసలుగా కనబడును. ఎండకాలమున నీరు తగ్గగా, కొండగోడలమీద నిండునీటి గుర్తు తెల్లని గీతగా మిగులును. గీతకు పైన అడవి, గీతకు క్రింద వట్టి ఱాయి. ఎగువభాగమున సోమశిల, సిద్ధేశ్వరముల యొద్ద దరులు దూరమై నీరు సముద్రమువలె విశాలమగును. అచ్చట గాలి వీచినచో అలలు గట్టునకు కొట్టుకొనుచుండును. కోస్తానుండి వచ్చిన జాలరులు గట్టున గుడిసెలు వేసికొని వలలు ఆరవేయుదురు. అడవిలోపల చెంచులు అనాదిగా నివసించుచున్నారు. వారికి శ్రీశైలేశ్వరుడు అల్లుడు. మల్లన్నకు చెంచుమల్లయ్య యను పేరు అందువలన వచ్చినదే. ఈ యరణ్యములు పులులకు కాపుగా నుండుటయు మీరెఱిగినదే.

ఈ జలము ఎల్లప్పుడును శాంతముగా నుండునని యెంచరాదు. 2009 అక్టోబరు మొదటివారమున కనివిని యెఱుగని వఱద వచ్చి, నీటిమట్టము 885 అడుగుల హద్దు దాటి 896 అడుగులకు పైగా పోయినది. ఆ వఱదలోనే కర్నూలు నగరము జలమయమైనది. మానవుడు పెట్టిన గడపను నది యెప్పుడైనను దాటగలదని ఆ రోజులు తెలిపినవి.

ఇంతవఱకు చెప్పినది చూపఱి లెక్క. ఇక గ్రామలెక్కలవాని లెక్క చెప్పెదను.

ప్రబంధములోని పదునెనిమిది వర్ణనలలో మునిగిన యూరి వర్ణన లేదు. ఈ జలాశయమున కర్నూలు, మహబూబునగరు జిల్లాలకు చెందిన నూఱు గ్రామముల వఱకు మునిగినవి. లక్షమందికి తక్కువకాని జనము 1980 ప్రాంతమున ఇండ్లు విడిచి లేచిపోవలసివచ్చెను. ప్రాచీన దేవాలయములలో కొన్నింటిని ఱాతికి ఱాయి అంకెలు వేసి విప్పి వేఱుచోట్ల నిలిపిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురము చేరినది, సోమశిలగుళ్లు గట్టెక్కినవి, అలంపురపు నవబ్రహ్మాలయములు గోడకట్టుచే రక్షింపబడినవి. ఇది గొప్ప కార్యము. కాని ఇంటికి అంకె వేయరు. కళ్లమునకు, పాటిదిబ్బకు, రచ్చబండకు అంకె వేసి మోసికొనిపోవువారు లేరు.

సప్తనదీ సంగమమని పేరుగాంచిన సంగమేశ్వరము నేటికిని ఏటేట మునిగి తేలుచుండును. నీరు బాగుగా తగ్గిన వేసవిలో ఆలయము బయటపడును. వేపమాను లింగమును దర్శించుటకు జనము పోవుదురు. ఒక వేసవిని నేనును పోయితిని. బురద ఆరిన నేలపై ఒక వృద్ధుడు కూర్చుండి నీటివైపు చూచుచుండెను. మాటలలో నేను లెక్కలవాడనని తెలిసికొని, "మాది ఆ నీళ్ల కిందుండే ఊరు సామీ. ఆడ కొంగ వాలింది సూడు, దానికి రొవ్వంత అవతల మా బాయి" అని చేయి చూపెను. పిమ్మట, "మా ఊరు లెక్కల్లో ఇంకా ఉండాదా సామీ?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు సమాధానము నాకు తెలియును. జనావాసము లేని గ్రామమును మా రెవెన్యూ పరిభాషలో బేచిరాగు గ్రామమందురు. అది పారసీక పదము. చిరాగనగా దీపము, బేచిరాగనగా దీపము లేనిది. ఊరు పోయినను పేరు లెక్కలలో నుండును. నేనిట్లు చెప్పగా ఆయన కొంతసేపు ఊరకుండి, "పేరైతే ఉండాది గదా" అని లేచి, పంచె దులుపుకొని పోయెను. ఎన్నో యేండ్లుగా ఆ మాటను అడంగళ్లలో చూచుచు వ్రాయుచు వచ్చితిని గాని, దాని యర్థము నాకా దినమున తెలిసినట్లు అంతకుముందు తెలియదు.

"నల్లమలలో నేదో మునిగిన, మదనపల్లె పుంగనూరు కుప్పము సీమవారికేమి?" అని మీలో నెవరైన ననుకొనవచ్చును. ఆ సంబంధము చెప్పుటకే నేను లేచినది.

మన నేల యెత్తుభూమి. మదనపల్లె సముద్రమట్టమునకు 2,200 అడుగులకు పైన నున్నది. మదనపల్లెమీద కురిసిన వాన బాహుదలో బడి, చెయ్యేటిద్వారా పెన్నను చేరును. కుప్పము మీద కురిసినది పాలాటిలో బడి తమిళనాటికి పోవును. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లెను కడప జిల్లానుండియు, తక్కిన పెక్కు తాలూకాలను ఉత్తరార్కాటునుండియు తెచ్చి కలిపిరి. ఆ పాత జిల్లాల యెల్లలు ఇంచుమించు నీటి పారుదలనే యనుసరించి యుండుట చూడుడు. జిల్లాల హద్దులు పెద్దలు మార్చుచుందురు. నీటి హద్దులు మారవు. ఏదెట్లున్నను, మన నీరు నలువైపుల క్రిందికి పోవుటయే గాని, మనకంటె పల్లమున నున్న పెద్దనది యేదియు మనకు నీరిచ్చుటకు ప్రకృతి యేర్పాటు చేయలేదు. అందువలననే మన పూర్వులు ప్రతి వంకకును కట్టవేసి చెఱువులు నిర్మించిరి. మన తరమువారు చెఱువును మఱచి బోరుబావులు వేసి, వేయి యడుగుల లోతువఱకు పోయి, టమాటాతోటలు పెంచి, అప్పులపాలైరి.

ఇట్టి సీమకు కృష్ణానీరు వచ్చినది. శ్రీశైల జలాశయపు వెనుకనీటిని నందికొట్కూరు ప్రాంతమున మాల్యాలయొద్ద పైకెత్తి, కర్నూలు అనంతపురముల మీదుగా, మెట్టువెంట మెట్టుగా ఎత్తిపోసి తెచ్చునదే హంద్రీ–నీవా కాలువ. దాని పుంగనూరు శాఖనుండి కుప్పము శాఖ చీలినది. 2025 ఆగస్టు మాసాంతమున ఆ నీరు కుప్పము ప్రాంతపు పరమసముద్రము చెఱువునకు చేరగా జలహారతి పట్టిరి. నీరు పల్లమెఱుగునని సామెత. 885 అడుగుల మట్టమునగల నీరు 2,200 అడుగుల మెట్టకు తనంతట రాదు. పదుమూడువందల యడుగులు విద్యుచ్ఛక్తితో మోసి తేవలసినదే. భగీరథుడు గంగను పైనుండి క్రిందికి దెచ్చెను; ఇచ్చట క్రిందినుండి పైకి దెచ్చుట జరిగినది.

కావున మన చెఱువులో నిలిచిన ఆ నీరు ఎక్కడిది? దీపములార్పి లేచిపోయిన ఆ యూళ్ల పైన నిలిచిన నీరు. జమ మన పుటలో పడినది. ఖర్చు వ్రాసినవారు వేఱొకరు. గ్రామలెక్కలలో జమకు ఎదుట ఖర్చు లేనిచో ఆ పుస్తకమును పైయధికారి ఒప్పుకొనడు. మనము మాత్ర మెట్లు ఒప్పుకొనవలెను?

ఆ నీరు తఱుగనిది కాదు. జలాశయము కట్టిననాడు దాని నిలువ 308 టి.యం.సి. నేడది సుమారు 215 టి.యం.సి. మాత్రమే. కొఱత రమారమి 92 టి.యం.సి. ఒక టి.యం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. సుమారు 22,950 యెకరముల నేలమీద ఒక యడుగు మందమున నిలుచునంతటి నీరు. అట్టివి తొంబదిరెండు పోయి, ఆ చోట నిప్పుడు ఒండ్రుమట్టి యున్నది. హంద్రీ–నీవాకు సంకల్పించిన నీరే 40 టి.యం.సి. యని జ్ఞప్తియందుంచుకొన్నచో, మట్టి యెంత తినివేసినదో తెలియును. సోగ్నె ఫియోర్డు వేలయేండ్లుగా నున్నది. మన ఫియోర్డు కట్టి యర్ధశతాబ్దమైన కాలేదు. అప్పుడే మూడవవంతుకు దగ్గఱగా పూడినది.

పెద్ద జలాశయములోని పూడికకు మనము చేయగలిగినది స్వల్పము. మన చెఱువులోని పూడికకు మనమే బాధ్యులము. అంత దూరమునుండి, అంత యెత్తునకు, అంత మూల్యము చెల్లించి తెచ్చిన నీటిని పూడిన చెఱువులో పోసి, శిథిలమైన తూమునుండి కారనిచ్చి, మరవ మీదుగా పొంగిపోనిచ్చుట న్యాయముగాదు. చెఱువులో నీరు చూడగానే మడికట్టులో పై మడివారికిని క్రింది మడివారికిని వాదములు మొదలగుట మనమెఱుగనిది గాదు. ఆ వాదమున కూర్చుండువారు, ఆ వృద్ధుడు చూపిన చోటిని ఒక్కసారి తలచుకొన్నచో మాట కొంత మెత్తబడునని నా నమ్మకము.

కర్నూలువారైన గాడిచెర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైన పెద్దలు ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడిపినప్పుడు, గ్రంథాలయము ఊరికి జ్ఞానమిచ్చు స్థలము కావలెనని యాశించిరి. ఈ రజతోత్సవవేళ రెండు చిన్నకోరికలు కార్యవర్గము నెదుట పెట్టుచున్నాను. మొదటిది, ఈ గ్రంథాలయమున చెఱువుపుస్తక మొకటి తెఱవవలెను. ఏ తేదీన నీరు చెఱువునకు వచ్చినది, కట్టపై కొలఱాయికి ఎన్ని యడుగులు చేరినది, ఏ తేదీన తూము తెఱచితిమి, ఏ సంవత్సరము పూడిక తీసితిమి అను విషయములు ఏటేట అందులో వ్రాయవలెను. వ్రాయుపని నేను చేసెదను. నా పిమ్మట చేయువానిని ఈ పిల్లలలోనుండి తయారు చేసెదను. రెండవది, శ్రీశైల జలాశయమున మునిగిన గ్రామముల పేర్లు సేకరించి, ఒక పట్టికగా వ్రాయించి, గ్రంథాలయపు గోడమీద వ్రేలాడదీయవలెను. మన చెఱువు ఆయకట్టు పట్టిక ప్రక్కనే అది యుండుట యుచితము.

నార్వేకు పోయి ఫియోర్డు చూచు భాగ్యము మనలో నెందరికి కలుగునో చెప్పలేను. పాతాళగంగకు పోవుట కష్టముగాదు. మన యూరినుండి ఏటేట శివరాత్రికి బండ్లు కట్టుకొని పోవువారున్నారు. ఈసారి పోవువారు దర్శనానంతరము పడవ యెక్కి ఆ కొండలను, ఆ నీటిని కన్నులార చూడుడు. చూచినపిమ్మట, వేసవియైనచో సంగమేశ్వరమునకును పోయి, గట్టున కూర్చున్నవారిని పలుకరించి, వారి యూరి పేరడిగి, వ్రాసికొని రండు. పట్టికలో నొక పంక్తి పెరుగును.